మూడు వారాల చదువు, నాన్నగారి సందేహం

ప్రశ్న: గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవిలో జర్మనీలో మూడు వారాల కోర్సుకు వెళ్లాలని ఉంది. "అంత డబ్బు పోస్తే మూడు వారాల్లో ఏమి వస్తుంది?" అంటున్నారు నాన్నగారు. ఆయనకు ఏమి చెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే, కోపం తెచ్చుకోకు. ముందు క్రెడిట్ల సంగతి తేల్చుకో. ఐరోపాలో చదువును ఈసీటీఎస్ అనే ఉమ్మడి పద్ధతి ప్రకారం క్రెడిట్లలో లెక్కిస్తారు. ఒక క్రెడిట్ అంటే సుమారు 25 నుంచి 30 గంటల శ్రమ. వాటిని మీ కాలేజీ ఒప్పుకుంటుందని బయలుదేరకముందే రాతపూర్వకంగా తీసుకో. మా అక్క కూతురు విజయవాడలో చదివేటప్పుడు నోటి మాట నమ్మి వెళ్లింది. తిరిగొచ్చి పరీక్షల విభాగంలో సర్టిఫికెట్ చూపిస్తే, గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు. ఆ ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది.

90 రోజుల లోపు కోర్సుకు షెంగెన్ వీసా (జర్మనీ సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే స్వల్పకాలిక వీసా) సరిపోతుంది. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఫీజు కట్టే ముందు విదేశీ విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చే జర్మనీ సంస్థ డాడ్ (DAAD) వారి 'వైజ్' (WISE) ఉపకార వేతనం గురించి చూడు. మన సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులు జర్మనీలో పరిశోధన చేసేందుకు ఇచ్చేది అది. నాకైతే మూడు వారాల తరగతుల కన్నా అదే మేలనిపిస్తుంది.

ఫీజు, గది అద్దె, విమానం టికెట్టు, మీ సెమిస్టర్ పరీక్షల తేదీలు అన్నీ ఒకే కాగితం మీద రాసి, రాత్రి భోజనాలయ్యాక నాన్నగారి ముందు పెట్టు.