సీనియర్ స్ట్రక్చరల్ బయాలజిస్ట్ ఆఫర్ దాకా వచ్చి ఎందుకు తప్పుకుంటారు?

స్ట్రక్చరల్ బయాలజీ, అంటే ప్రొటీన్ల వంటి అణువుల ఆకారాలను తేల్చే శాస్త్రంలో, ప్రొఫెసర్ పోస్టుకు రెండుసార్లు ప్రకటన ఇచ్చామనీ, ఎంపికైన ఇద్దరూ ఆఖర్లో తప్పుకున్నారనీ, జీతం పెంచితే సరిపోతుందా అనీ మీరు అడిగారు. సరిపోదు. ఈ స్థాయివాళ్లు జీతం కంటే ముందు గది, మనిషి, ఏటా పెట్టే ఖర్చు చూసుకుంటారు.

గదితోనే చాలా ఆఫర్లు చెడతాయి. 300 కిలోవోల్టుల క్రయో-ఈఎం మైక్రోస్కోప్ (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్లతో చూసే యంత్రం) కొనిస్తామని ఉత్తరంలో రాసేయడం తేలికే. దాన్ని పెట్టేచోట నేల అదురు, అయస్కాంత క్షేత్రం, శబ్దం కొలిపించారా? గోడ అవతల లిఫ్ట్ ఉంటే అది కదిలినప్పుడల్లా క్షేత్రం మారి ఎలక్ట్రాన్ పుంజం పక్కకు జరుగుతుంది. సైట్ సర్వే ప్రకటనకు ముందే చేయించండి. గ్రిడ్లు తయారుచేసే గదిలో తేమ కూడా తగ్గించాలి. గ్రిడ్ అంటే 3 మిల్లీమీటర్ల బిళ్ల, దాని మీద నమూనా ఉండే మంచు పొర మందం నానోమీటర్లలో. గాలిలో తేమ ఎక్కువైతే ద్రవ నైట్రోజన్‌లోకి మంచు నలుసులు చేరి గ్రిడ్‌కు అంటుకుంటాయి, రోజంతా చేసిన పని పోతుంది. నైట్రోజన్ వాడే ప్రతి గదిలో ఆక్సిజన్ అలారం తప్పనిసరి.

మనిషి అంటే యంత్రాన్ని నడిపే స్టాఫ్ సైంటిస్ట్. ఆ పోస్టును ప్రాజెక్టు డబ్బుతో పెడితే ప్రాజెక్టుతోపాటే అతనూ వెళ్లిపోతాడు. తర్వాత ప్రొఫెసరే ఆపరేటర్ అవుతారు. పర్మనెంట్ పోస్టు ఇవ్వలేకపోతే అంత పెద్ద మైక్రోస్కోప్ కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

వారంటీ అయిపోయాక సర్వీస్ కాంట్రాక్టు ఎవరు కడతారో ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. వాడకం ఫీజుతో నెట్టుకొస్తామనే లెక్క సాధారణంగా తేలదు. ఒక్క రోజు డేటాయే కొన్ని టెరాబైట్లు అవుతుంది కాబట్టి స్టోరేజీ, ఆ డేటాను లెక్కగట్టే జీపీయూ చిప్‌ల బడ్జెట్ కూడా అందులోనే వేయండి.

ఇక ఎంపిక. ప్రొటీన్ ఆకారాలను అందరికీ అందుబాటులో ఉంచే ప్రొటీన్ డేటా బ్యాంకులో అభ్యర్థి ఎన్ని నిర్మాణాలు జమచేశారో లెక్కపెట్టి మార్కులు వేయకండి. 2020లో ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ 2 వచ్చాక ఒంటరి ప్రొటీన్ ఆకారం చాలాసార్లు కంప్యూటరే చెప్పేస్తోంది. తలుపులు మూసి జరిపే చర్చలో “మోడల్ ముందే చేతిలో ఉంటే మీ ప్రశ్న ఏమిటి?” అని అడగండి. ప్రొటీన్లు కలిసి ఏర్పడే పెద్ద సముదాయాలు, ప్రొటీన్ల కదలికలు, మందు అతుక్కునే తీరు గురించి స్పష్టమైన జవాబు రావాలి. అభ్యర్థి ఈమధ్య జమచేసిన రెండు మూడు నిర్మాణాల వాలిడేషన్ రిపోర్టులు (నిర్మాణం నాణ్యతను పరీక్షించిన నివేదికలు) తెరిచి, లిగాండ్ (ప్రొటీన్‌కు అతుక్కునే మందు వంటి అణువు) దగ్గర ప్రయోగంలో వచ్చిన మ్యాప్‌లో నిజంగా సాంద్రత ఉందో లేదో ఆ విద్య తెలిసినవాళ్లతో చూపించండి. ఒకటి బలహీనంగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. వరసగా అలాగే ఉంటే అడగాల్సిందే. పాత విద్యార్థులతో మాట్లాడాలనుకుంటే ముందు అభ్యర్థి అనుమతి తీసుకోండి.

ఆర్డర్ పెట్టాక మొదటి మంచి డేటా రావడానికి ఏడాది దాటొచ్చు. ఆలోపు బయటి కేంద్రాల్లో బీమ్‌టైమ్ (అక్కడి యంత్రాలపై కేటాయించే సమయం), ప్రయాణ ఖర్చులు, తగ్గించిన క్లాసులు రాతపూర్వకంగా ఇవ్వండి. పీహెచ్‌డీ మధ్యలో ఉన్న విద్యార్థుల రిజిస్ట్రేషన్, గ్రాంట్ల బదిలీ, ప్లాస్మిడ్ల (ప్రయోగాల్లో వాడే చిన్న డీఎన్ఏ వలయాల) ఎంటీఏ, అంటే నమూనాల బదిలీ ఒప్పందం, సంతకాలు నెలలు పడతాయి, అంగీకారం రాగానే మొదలుపెట్టాలి. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు బయలుదేరేముందు కొత్త ల్యాబులో మెయిన్ స్విచ్ ఆపి, జనరేటర్ అందుకుంటోందో లేదో ఒకసారి చూడండి.