యార్క్‌షైర్ జాన్ కార్: మేస్త్రీ కొడుకు కట్టిన బంగళాలు

మీ ప్రశ్న ఇది: "ఇంగ్లండ్ ఉత్తరాన పాత కంట్రీ హౌస్‌లు చూడాలనుంది. ఒక్క ఆర్కిటెక్ట్‌ను పట్టుకుని తిరగాలంటే ఎవరు? జాన్ కార్ పేరు విన్నాను, అంత గొప్పవాడేనా?"

నేను లీడ్స్‌లో ఆరేళ్లు ఉన్నాను. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆర్కిటెక్చర్ చదువుకోలేదు. కానీ మా తాత బేతంచెర్ల దగ్గర నాపరాయి పని చేసేవాడు. రాతిగోడ కనపడితే అతుకుల మీద వేలు పెట్టి చూసే అలవాటు ఆయన్నుంచే వచ్చింది. కార్ మీద నాకు మనసు పోవడానికి కూడా అదే కారణం. ఈయన 1723లో వేక్‌ఫీల్డ్ పక్కన హోర్బరీ అనే ఊళ్లో, ఒక రాతిమేస్త్రీ ఇంట్లో పుట్టాడు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు.

కంట్రీ హౌస్ అంటే మన వైపు గడీలాంటిది అనుకోండి. వందల ఎకరాల మధ్య దొరగారి ఇల్లు, పక్కన గుర్రాలశాల, కాస్త దూరంలో పనివాళ్ల ఊరు. అప్పటి పేరున్న ఆర్కిటెక్టులు చాలామంది ఇటలీ వెళ్లి శిథిలాలు గీసుకొచ్చినవాళ్లు. కార్ పేరు మాత్రం యార్క్ నుంచే పెరిగింది. 1755లో యార్క్ గుర్రప్పందేల మైదానంలో ప్రేక్షకుల గ్యాలరీ కట్టే పని, పోటీలో జేమ్స్ పేన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్‌ను దాటి ఈయనకు దక్కింది. పందేలకు వచ్చే వాళ్లంతా భూస్వాములేగా! ఆ గ్యాలరీలో కూర్చున్నవాళ్లే తర్వాత ఇళ్లు కట్టమని పిలిచారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా తెలివైన పని అదే.

ముందు హేర్‌వుడ్ అనే కంట్రీ హౌస్ చూడండి. లీడ్స్ నుంచి 36వ నంబరు బస్సు గేటు ముందే దింపుతుంది. (శీతాకాలంలో చాలా రోజులు ఇల్లు మూసేస్తారు. అది కనుక్కోకుండా వెళ్లి, చలిలో వణుక్కుంటూ తిరిగొచ్చాను.) 1759లో ఆ ఎస్టేటు యజమాని ఎడ్విన్ లాసెల్స్ పునాది వేయించాడు. ఇంటి ప్లాను కార్‌ది, లోపలి అలంకరణ అప్పట్లో పేరుమోసిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్‌ది, కుర్చీలూ బల్లలూ ప్రసిద్ధ ఫర్నిచర్ పనివాడు చిప్పెండేల్‌వి. గైడు చెప్పేదంతా ఆడమ్ గురించే, చిప్పెండేల్ గురించే. బయటి నుంచి చూస్తే కూడా కార్ కట్టినది మొత్తం కనపడదు, 1840లలో చార్లెస్ బారీ అనే ఆర్కిటెక్ట్ దాన్ని చాలా మార్చాడు. అసలు డబ్బు ఎక్కడిదంటే వెస్టిండీస్ చక్కెర, బానిసల వ్యాపారం. ఆ సంగతి తెలుసుకున్నాక ఆ పైకప్పుల బంగారుపూత నాకు మునుపటిలా కనపడలేదు.

అసలు కార్ కనపడేది గేటు బయట. మొదటి రెండుసార్లూ నేను దాన్ని చూడకుండానే లోపలికి నడిచేశాను. మూడోసారి బస్సు ఆలస్యమై స్టాపులో నిలబడినప్పుడు చూశాను. రోడ్డుకు అటూ ఇటూ రాతి ఇళ్ల వరసలు. ఎస్టేటు పనివాళ్ల కోసం ఆయన గీసిన ఊరు అది. నగిషీలు లేవు, స్తంభాలు లేవు. కిటికీల కొలతలు మాత్రం ఎంత చక్కగా కుదిరాయంటే, మా తాత బతికుంటే రసమట్టం తీసి సరిచూసేవాడు.

మన దేశంతో ముడిపడింది ఒకటుంది. లండన్ పక్కన బర్క్‌షైర్‌లో బాసిల్డన్ పార్క్. దాన్ని కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో సంపాదించి వచ్చినవాడు, పుట్టింది యార్క్‌షైర్. 1776లో ఇల్లు మొదలుపెట్టేటప్పుడు అంత దూరం నుంచి తన ప్రాంతపు కార్‌నే పిలిపించుకున్నాడు. డబ్బున్నవాడు కొత్తచోట స్థిరపడ్డా ఇల్లు కట్టాలంటే సొంతూరి మేస్త్రీని పిలుస్తాడన్నమాట. మనవాళ్లూ అంతేగా.

గొప్పవాడేనా అన్నారు. కొత్తదనంలో ఆడమ్‌తో పోల్చలేం. కార్ ఇళ్లు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి: మధ్యలో పెద్ద భాగం, పైనుంచి వెలుతురు పడే మెట్లు, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన, ఏటవాలు పక్కలున్న కిటికీ భాగాలు. కానీ చేతిలో ఉన్న పనులు మాత్రం అన్నీ ఇన్నీ కావు. బంగళాలే కాదు, బక్స్‌టన్ ఊళ్లో క్రెసెంట్ అనే అర్ధచంద్రాకారపు భవనం, పోర్చుగల్‌లోని పోర్తోలో ఆసుపత్రి, యార్క్‌షైర్ ఉత్తర భాగమైన నార్త్ రైడింగ్ ప్రాంతంలో ముప్పై ఏళ్లు వంతెనల పని. గ్రెటా నది మీద ఆయన 1773లో కట్టిన ఒంటి కమాను వంతెన చూసి తీరాలి. యార్క్‌కు రెండుసార్లు మేయర్ కూడా, 1770లో ఒకసారి, 1785లో ఒకసారి.

లోపలి పని చూడాలంటే యార్క్‌లోని ఫెయిర్‌ఫాక్స్ హౌస్. అది ఊళ్లో ఇల్లే, కంట్రీ హౌస్ కాదు. అయినా ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడండి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఇంటిని సినిమాహాలుకు దారిగా, డాన్సుహాలుగా వాడుకున్నారు. 1980లలో బాగుచేశారు.

చివర్లో హోర్బరీ వెళ్లండి, టూరిస్టులు పెద్దగా రారు. 1791లో సొంత డబ్బుతో పుట్టిన ఊరికి చర్చి కట్టించడం మొదలుపెట్టాడు. బయట మసిపట్టి నల్లబడ్డ రాయి. సొంత ఖర్చుతో, దేవుడి మీద భక్తికీ పుట్టిన నేల మీద ప్రేమకూ గుర్తుగా కట్టించానని లాటిన్‌లో చెక్కించుకున్నాడు. 1807లో చనిపోయాక ఆయన్ని అక్కడే పూడ్చారు. నేను వెళ్లిన రోజు తలుపు తాళం వేసి ఉంది. చుట్టూ తిరిగి, గోడ అతుకుల మీద వేలు పెట్టి చూసి, బస్సెక్కాను.