రెండు కడ్డీల నడుమ నీరు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

జంట స్థూపాల (గుండ్రటి కడ్డీల) వెనుక సుడులు ఎలా పుడతాయో నీటి కాలువలో చూడబోతున్నావని రాశావు. ఎంత సంతోషించానో చెప్పలేను. నా ఉద్యోగ జీవితమంతా అలాంటి కాలువల పక్కనే గడిచింది కనుక, నీకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఒక్క కడ్డీనే నిలబెట్టు. కడ్డీ మందం 10 మిల్లీమీటర్లు, నీటి వేగం సెకనుకు 1 సెంటీమీటరు అన్నావు. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటే ప్రవాహపు జోరు నీటి జిగటకు ఎన్ని రెట్లో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య 100 వస్తుంది. సుడులు విడిపోవడం 47 దగ్గరే మొదలవుతుంది కాబట్టి అవి నీకు స్పష్టంగా కనిపించాలి. ఒక పక్క నుంచి సుమారు ఆరు సెకన్లకొక సుడి జారిపోతుంది. గడియారం పట్టుకుని ఇరవై లెక్కపెట్టు, రెండు నిమిషాలు పడుతుంది. లెక్క కుదరకపోతే రెండో కడ్డీ జోలికి వెళ్లకు. మన ఎండాకాలపు నీళ్లు 30 డిగ్రీలుంటే స్నిగ్ధత (జిగట) తగ్గి, అదే వేగానికి సంఖ్య 125 దాకా పోతుంది. అందుకే ఉష్ణోగ్రత రోజూ రాసిపెట్టుకో.

కడ్డీల దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలవాలి. ఒకసారి నేను అంచు నుంచి అంచుకు కొలిచి, మూడు వారాల ఫలితాలు పారేశాను. పక్కపక్కన పెట్టినప్పుడు ఆ దూరం మందానికి మూడు రెట్లుంటే రెండు సుడుల వరుసలు విడివిడిగా సాగుతాయి. చాలాసార్లు అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి.

అసలు విషయం ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంది. అప్పుడు సందు 5 మిల్లీమీటర్లే. అందులోకి రంగునీటిని సన్నని ధారగా వదులు. నేరుగా పోతుందనుకుంటావు, కానీ ఒక కడ్డీ వైపు ఒరుగుతుంది. ఒరిగిన వైపు జాడ (కడ్డీ వెనుక కలతపడిన నీటి పట్టీ) సన్నబడి సుడులు త్వరత్వరగా విడిపోతాయి, రెండో వైపు జాడ వెడల్పై సుడులు నెమ్మదిస్తాయి. కడ్డీ వంకరగా ఉందేమోనని సర్దబోకు. చేతులు కట్టుకుని చూస్తూ ఉండు. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, ధార రెండో వైపుకు మళ్లుతుంది. మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి కూడా లేవలేదు.

ఇక్కడే జాగ్రత్త. పది నిమిషాల కొలతలకు సగటు తీస్తే చక్కగా మధ్యగా పోయే ధార కనిపిస్తుంది. అలాంటి ధార నిలకడగా ఒక్క నిమిషమైనా లేదమ్మా. సగటునే నమ్మితే ఏమవుతుందో చూడు: ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్ విద్యుత్ కేంద్రంలో 1965 నవంబరు 1న ఎనిమిది శీతలీకరణ గోపురాల్లో మూడు కూలిపోయాయి. ఒక్కొక్కటి 114 మీటర్ల ఎత్తు. పడినవి గాలికి ముందు నిలిచినవి కావు, వాటి వెనుక వరుసలోవి. ముందు గోపురాలను దాటివచ్చిన గాలి వాటిని కుదిపేసింది. డిజైన్‌లో నిమిషం సగటు గాలినే లెక్కలోకి తీసుకున్నారు, విసురుగా వచ్చే గాలిని వదిలేశారు.

ఒకదాని వెనుక ఒకటి పెట్టే ప్రయోగం తర్వాత చెయ్యవచ్చు. అక్కడ దూరం దాదాపు నాలుగు రెట్లయ్యే దాకా ముందు కడ్డీ సుడులు పూర్తిగా విచ్చుకోవు, అంతే.

ప్రస్తుతానికి కాలువను రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే మొదలుపెట్టు. ధార మళ్లిన ప్రతిసారీ సమయం రాసి, ఆ పేజీ ఫొటో నాకు పంపు.

మీ పెద్దనాన్న