ఫోన్ కెమెరాతో కాస్మిక్ కిరణాలను నిజంగా పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు. నేను పట్టాను కాబట్టే చెబుతున్నాను. కాకపోతే పడింది ఆకాశం నుంచి వచ్చిందా, మన వంటగదిలోంచి వచ్చిందా అన్నది హైదరాబాద్‌లో కాస్త పేచీ పెట్టే విషయం.

మేముండేది మౌలాలి వైపు. ఎటు చూసినా రాతి గుట్టలే. ఒక వేసవి రాత్రి పాత ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరా మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు పొరలు పొరలుగా అంటించి, క్రెడో డిటెక్టర్ అనే యాప్ ఆన్ చేసి వంటగది గ్రానైట్ గట్టు మీద పడుకోబెట్టాను. చీకట్లో ఉన్న కెమెరా సెన్సర్‌కు, అంటే వెలుతురును పట్టే చిప్‌కు, కణం తగిలితే పడే మెరుపును ఆ యాప్ ఫొటోగా దాస్తుంది. పోలండ్‌లోని క్రాకోవ్ శాస్త్రవేత్తల ప్రాజెక్టు అది. మంచినీళ్లకని లేచిన మా అత్తయ్య చూసి, "ఏమైంది బాబూ, ఫోనుకు కట్టు కట్టిండ్రు?" అన్నారు. కాస్మిక్ కిరణాల కోసం అన్నానో లేదో, "అయ్యో, బంద్ చెయ్యుండ్రి, వాట్సాప్‌ల వచ్చింది గదా!" అని కంగారు పడిపోయారు.

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్ ఆపేయండి, కావాలంటే నాసా, బీబీసీ చూడండి అని. ఏళ్ల తరబడి అదే రాత్రి, అదే టైము! కాస్మిక్ కిరణాలు పైన గాలిని గుద్దితే మ్యువాన్లనే కణాలు పుడతాయి, అవే మన దాకా వస్తాయి. సముద్ర మట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పగలూ రాత్రీ పడుతూనే ఉంటాయి. స్లాబు, మంచం, మనం, అన్నిటినీ దాటుకుని పోతాయి. ఫోన్ ఆపితే ఆగుతాయా?

పొద్దున చూస్తే నల్లటి ఫొటోల్లో చాలావరకు తెల్ల చుక్కలు. ఒక దాంట్లో మాత్రం సేమియా ముక్కలా మెలికలు తిరిగిన గీత. మా ఆవిడ అదే బాగుందంది. నాకు మాత్రం అదే అనుమానం. మ్యువాన్ బరువు ఎలక్ట్రాన్‌కు 207 రెట్లు, అంత తేలిగ్గా దారి మళ్లదు, తిన్నగా పోతుంది. అలా వంకర్లు పోయేది ఎలక్ట్రాన్. గ్రానైట్‌లో సహజంగానే కొద్దిగా యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. వాటి నుంచి రేడియేషన్‌గా వచ్చే గామా కిరణం సెన్సర్‌లో ఎలక్ట్రాన్‌ను తన్నితే పడే గీత అది. భయపడాల్సినంత ఏమీ కాదు, గట్టు పీకించకండి.

తర్వాత ఫోన్‌ను చెక్క స్టూలు మీద నిలువుగా ఆనించి పెట్టాను. మ్యువాన్లు ఎక్కువగా పైనుంచే వస్తాయి. ఫోన్ పడుకుని ఉంటే పలచటి సెన్సర్‌లోంచి నేరుగా కిందికి దూరిపోయి చుక్కే మిగులుస్తాయి, నిలబడితే పొడుగ్గా గీస్తాయి. అప్పుడు పడింది, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. మ్యువానే, నాకు అనుమానం లేదు. ఒకే చోట మళ్లీ మళ్లీ వెలిగే చుక్క మాత్రం పిక్సెల్ జబ్బు. ఎండాకాలం ఫోన్ కాగితే అవి ఇంకా పెరుగుతాయి, అందుకే మేడ మీద పెట్టొద్దు.

నా అసలు బాధ వేరే. ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం ఉంది, పెద్ద బెలూన్లకు సైన్స్ పరికరాలు కట్టి పైకి పంపే చోటు. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో భూమి అయస్కాంత శక్తి పక్కకు తోసేసి తక్కువ శక్తి కాస్మిక్ కిరణాలు ఇక్కడికి రాలేవు, పరికరాలకు గోల తక్కువ. అందుకే ఇక్కడి నుంచి ఎగరేస్తారు. ఆ దారినే కోచింగ్ బస్సులో రోజూ పోయే మా అమ్మాయి లెక్చరర్‌ను దీని గురించి అడిగితే, "సిలబస్‌లో లేదు" అన్నాడట. ఫీజు మాత్రం లక్షల్లో!

ఒక్క ఫోన్‌తో సైన్స్ ఏమీ జరగదు, ఒప్పుకుంటా. 2014లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు వైట్‌సన్, మల్‌హెర్న్ క్రేఫిస్ అనే ప్రాజెక్టు పేరుతో చెప్పింది కూడా వేల ఫోన్ల సంగతే. పక్కపక్కన ఉన్న ఫోన్లు ఒకేసారి మెరిస్తే పైనుంచి కణాల పెద్ద జల్లు కురిసినట్టు. అర్జెంటీనాలో ఇదే పనికి 3,000 చదరపు కిలోమీటర్లలో డిటెక్టర్లు పరిచారు. మన కాలనీల్లో బీరువాకొక పాత ఫోన్ మూలుగుతోంది. ఎక్స్ఛేంజ్‌లో ఐదొందలకు ఇచ్చేసే బదులు టేపు వేసి చార్జింగ్‌కు పెట్టండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఆ జోలికి పోకండి.