గోడకు అవతల అమ్మ పడుకుని ఉంటుంది: అమెరికా ఇంట్లో షాట్‌గన్ తూటాల ఎంపిక

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఇల్లు కొన్నాడు. గ్రీన్‌కార్డు కూడా వచ్చింది. ఈ మధ్య వాళ్ళ వీధిలో మన వాళ్ళ ఇంట్లో దొంగలు పడి బంగారం పట్టుకుపోయారట. అప్పటి నుంచి షాట్‌గన్ కొంటానంటున్నాడు. ఏ తూటాలు మంచివో తేల్చుకోలేక రోజుకో మాట చెబుతున్నాడు. సిరిమాను సంబరం అయ్యాక నేను అక్కడికి వెళ్ళి ఆరు నెలలు ఉండాలి. ఇంట్లో తుపాకి అంటే నాకు భయంగా ఉంది. మీరు అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నారు కదా, వాడికి నాలుగు మాటలు చెప్పండి. (ఒక తల్లి, కంటోన్మెంటు, విజయనగరం)

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. నాది నరసన్నపేట. టెక్సాస్‌లో స్థిరపడ్డాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి అక్కడ కొత్తగా ఇల్లు పెట్టుకునే పిల్లలు ఈ సంగతి నన్ను అడుగుతూనే ఉంటారు. మీ అబ్బాయికి చెబుతున్నట్టుగా అందరికీ చెబుతాను.

తమ్ముడూ, మన వైపు తుపాకి అంటే పోలీసుల దగ్గరో, కొండల్లో నాటు తుపాకిగానో కనిపించే వస్తువు. ఉద్దానం తోటల్లోకి ఎలుగుబంటి వస్తే అటవీశాఖకు కబురు పెడతాం. లైసెన్సు ఉన్నవాళ్ళయినా ఎన్నికలు వచ్చాయంటే సాధారణంగా తుపాకిని పోలీసు స్టేషన్‌లో అప్పగించి రావాలి. అక్కడ మాత్రం దుకాణంలో 4473 అనే ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయితే అదే రోజు ఇంటికి తెచ్చుకోవచ్చు. అంత సులువుగా దొరుకుతుంది కాబట్టే, కొనేముందు మనం ఎక్కువ ఆలోచించాలి.

నీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి కొనే హక్కు ఉంది. హెచ్1బి, ఎఫ్1, హెచ్4 వంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు లేదు. ఫెడరల్ చట్టం 922వ సెక్షన్ ప్రకారం వాళ్ళ దగ్గర తుపాకే కాదు, ఒక్క తూటా ఉన్నా నేరమే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిని నమ్ముకుని ముందడుగు వేసే ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగాలి. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 15 ఏళ్ళకు పెంచారు. జైలు తప్పినా దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది. సందర్శక వీసా మీద వచ్చే అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. సరదాగా ఫోటో తీసుకోవడానికి కూడా తుపాకి వాళ్ళ చేతికి ఇవ్వవద్దు. పెట్టె తాళంచెవి వాళ్ళకు అందుబాటులో ఉంచవద్దు.

ఇక తూటాల సంగతి. దానికి ముందు గోడల సంగతి మాట్లాడుకోవాలి. విజయనగరంలో మీ ఇంటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. పాత ఇళ్ళలో ఇంకా మందం. గోడ అంటే అవతలి మనిషికి రక్ష అనే నమ్మకం మనకు చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది. డాలస్‌లో నువ్వు కొన్న ఇంట్లో గదికీ గదికీ మధ్య ఉన్నది అర అంగుళం జిప్సం పలక, మూడున్నర అంగుళాల ఖాళీ, మళ్ళీ అర అంగుళం పలక. పదహారు అంగుళాలకు ఒకటి చొప్పున కర్ర నిలువులు ఉంటాయి. ఆ నిలువులు తప్పిస్తే లోపల ఉన్నది గాలే. వేలి కణుపుతో తట్టి చూడు, బోలుగా మోగుతుంది. మనిషిని ఆపగల ఏ తూటా అయినా ఆ గోడను దాటిపోతుంది. ఒకటి కాదు, వరుసగా రెండు మూడు దాటుతుంది. కాబట్టి తూటా కొనేముందు ఇంటి నక్షా కాగితం మీద గీసుకో. నువ్వు నిలబడే చోటు, మెట్ల మొదలు, పాప గది, అమ్మ పడుకునే గది గుర్తుపెట్టుకో. నువ్వు కాల్చగల దిక్కులన్నిటికీ గీతలు గీసి, అవి ఎవరి మంచం మీదుగా పోతున్నాయో చూడు. పక్కింటిని కూడా లెక్కలో వేసుకో. అక్కడి పేటల్లో ఇళ్ళు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి.

షాట్‌గన్‌లో మన వాళ్ళు 12 బోరు అనేదాన్నే అక్కడ 12 గేజి అంటారు. సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం పెద్దది. ఆ గొట్టంలో పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు బరువు తూగాలన్నది పాత లెక్క. 20 గేజి గొట్టం సన్నం, కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ కూడా కొంత తక్కువ. భుజం తట్టుకోలేని వాళ్ళకు అదే మేలు. రెండు రకాలూ ఒకే ఇంట్లో మాత్రం పెట్టవద్దు. 20 గేజి తూటాను పొరపాటున 12 గేజి తుపాకిలో వేస్తే అది జారి గొట్టంలో ముందుకు వెళ్ళి ఇరుక్కుంటుంది. లోపల ఏమీ లేదనుకుని దాని వెనక 12 గేజి తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది. చేతివేళ్ళు, కళ్ళు పోతాయి. 20 గేజి తూటాలను పసుపు రంగులో చేయడం అందుకే.

తూటాలు ముఖ్యంగా మూడు రకాలు. బర్డ్‌షాట్‌లో ఆవగింజల వంటి గుళ్ళు వందల్లో ఉంటాయి. బక్‌షాట్‌లో శనగగింజంత గుళ్ళు కొన్నే ఉంటాయి. స్లగ్‌లో ఒకటే గుండు, 12 గేజిలో సాధారణంగా ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. స్లగ్ వేటకు, ఆరుబయటికి. గదుల మధ్య దాని ఊసే వద్దు.

బర్డ్‌షాట్ దగ్గర చాలామంది మోసపోతారు. గోడ దాటదు కాబట్టి ఇంటికి క్షేమం అని దుకాణంలో కూడా చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట రెండు వైపులా తప్పు. గది దూరంలో అదీ జిప్సం పలకను చీల్చుకుని పోతుంది, అవతల ఉన్నవాళ్ళకు గాయం చేయగలదు. మీదికొచ్చే మనిషి ఒంట్లో మాత్రం లోతుకు దిగదు. 1986లో మయామిలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ తూటాల పరీక్షలు మొదలుపెట్టి, మనిషి కండను పోలిన జెల్‌లో కనీసం 12 అంగుళాలు దిగాలని కొలత పెట్టుకుంది. బర్డ్‌షాట్ అందులో సగం దిగడమే కష్టం. భయంకరమైన పైగాయం చేసి, మనిషిని ఆపకుండా వదిలేసే తూటా ఎవరికీ మేలు చేయదు. దాన్ని సాధన కోసం కొను. పాతికేసి తూటాల పెట్టెల్లో చవకగా వస్తుంది.

మిగిలింది బక్‌షాట్. ఇందులో డబుల్ ఆట్ (పెట్టె మీద 00) అనేది అందరికీ తెలిసిన కొలత. గుండు వ్యాసం 0.33 అంగుళం, దాదాపు 8.4 మిల్లీమీటర్లు. మన దేశంలో ఎస్‌జీ అనే తూటాలో ఉండేదీ ఇంచుమించు ఇదే. రెండుముప్పావు అంగుళాల పొడవు తూటాలో మామూలుగా ఎనిమిదో తొమ్మిదో పడతాయి. నంబర్ 1 గుండు కొంచెం చిన్నది, 0.30 అంగుళం. నంబర్ 4 ఇంకా చిన్నది, 0.24 అంగుళం, తూటాకు సుమారు ఇరవై ఏడు. చిన్న గుండైతే గోడలు తక్కువ దాటుతుందని కొందరు నంబర్ 4 వైపు మొగ్గుతారు. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. నా ఓటు మాత్రం డబుల్ ఆట్‌లోనే ఎనిమిది గుండ్లది, తక్కువ దెబ్బ ఇచ్చేది, గుండ్లను గుంపుగా పట్టి ఉంచే వాడ్ (తూటా లోపలి ప్లాస్టిక్ గిన్నె) ఉన్నది. ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ ఆ కోవలోదే. తొమ్మిది గుండ్లు ఉన్నప్పుడు ఒకటి గుంపు వదిలి పక్కకు పోవడం శిక్షకులు తరచుగా చూసే విషయం. ఇరవై ఏడు గుండ్లలో ఎన్ని తప్పితే అన్నీ అమ్మ గది వైపు పోవచ్చు. ఎనిమిదికి ఎనిమిదీ గురి మీదే పడితే గోడ దాకా పోయే ప్రశ్న చాలావరకు తీరిపోతుంది. మూడు అంగుళాల మాగ్నం తూటాలు వద్దు. దెబ్బ పెరుగుతుంది, రెండో గురి ఆలస్యమవుతుంది. కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ తుపాకి అయితే, తక్కువ దెబ్బ తూటాలతో ఆ పని సరిగ్గా చేయకపోవచ్చు, ముందే పరీక్షించు. 20 గేజి వాళ్ళు నంబర్ 3 బక్ తీసుకోవచ్చు.

షాట్‌గన్‌కు గురి అక్కరలేదు, గది నిండా చల్లుతుంది అనే మాట నమ్మవద్దు. మామూలు గొట్టంలోంచి గుండ్లు గజానికి దాదాపు ఒక అంగుళం చొప్పున విస్తరిస్తాయి. మీ నడవా ఏడు గజాలు ఉంటే, అవతలి చివర ఆ చుట్టు అన్నం పళ్ళెం అంత కూడా ఉండదు. ఇంట్లో అన్నిటికంటే పొడవైన దూరం టేపుతో కొలు. కాల్పులు సాధన చేసే రేంజిలో అదే దూరంలో కాగితం కట్టి, నీ తుపాకితో, నువ్వు కొన్న తూటాతో కాల్చి చూడు. ఒకే తూటా రెండు తుపాకుల్లో రెండు రకాలుగా పడుతుంది. పక్కవాడి కాగితం నీకు పనికిరాదు. ఇంటికి వచ్చాక పాపను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కో, బట్టలు మార్చుకో. రేంజిలో సీసం ధూళి ఉంటుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే సంగతి ఇప్పుడు చెబుతాను. అమ్మ అక్కడికి చేరిన మొదటి రోజుల్లో ఆమె ఒంటికి పగలూ రాత్రీ తారుమారవుతాయి. రెండున్నరకే మెలకువ వస్తుంది. కోడలి నిద్ర పాడవుతుందని లైటు వేయదు. గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, అలమర తలుపు తీసి, కాఫీ గిన్నె వెతుక్కుంటుంది. అటువంటప్పుడు కింద చప్పుడు విని నువ్వు తుపాకితో మెట్ల మీదికి వచ్చావనుకో. ఏ తూటా ఎంచుకున్నా ఆ క్షణాన్ని సరిదిద్దదు. అందుకే తుపాకికి లైటు బిగించు, లేదా చేతిలో టార్చి ఉంచుకో. కనిపించిన మనిషి ఎవరో తెలియకుండా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ముందుగా పేరు పెట్టి పిలువు. అమ్మ నడిచే దారి పొడవునా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టు.

చప్పుడు దొంగదేనని తేలితే ఇల్లంతా వెతకబోవద్దు. అందరూ ఏ గదిలో చేరాలో పగలే మాట్లాడుకోండి. ఆ గది తలుపు గట్టిది వేయించు. అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి లైను పెట్టేయకుండా అక్కడే ఉండండి. అమ్మ ఒక్కతే ఉంటే, ఫోన్లో చిరునామా చెప్పి ‘తెలుగు’ అనమను. దుభాషిని కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. పోలీసులు వచ్చేసరికి తుపాకి నీ చేతిలో ఉండకూడదు. మూసిన గదిలో షాట్‌గన్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవులు దిబ్బడ వేసి వాళ్ళ ఆదేశాలు వినిపించకపోవచ్చు, కాబట్టి చేతులు ఖాళీగా కనబడనివ్వు.

పాప ఉన్న ఇల్లు కాబట్టి తుపాకి, తూటాలు తాళం వేసే పెట్టెలో ఉండాల్సిందే. పదిహేడేళ్ళలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకి అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చాలా షాట్‌గన్లలో సేఫ్టీ మీట ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కిందపడితే పేలే అవకాశం మిగిలే ఉంటుంది. అందుకని గొట్టం మొదట్లో, తూటా పేలే గదిలో తూటా పెట్టి ఉంచవద్దు. ఇక దొంగలు వచ్చేది బంగారం కోసమే అయితే, ఆ బంగారం ఇంట్లో ఎందుకు? పెళ్ళి నగలను బ్యాంకు లాకరులో పెట్టి, పండక్కి తెచ్చుకోండి. నగ కోసం మనిషిని కాల్చే పరిస్థితి ఏ ఇంట్లోనూ రాకూడదని నా గట్టి కోరిక. ఎప్పుడు కాల్చవచ్చన్న చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. నీ రాష్ట్రపు న్యాయవాదితో ఒక గంట కూర్చో. తూటాల పెట్టెకు పెట్టే ఖర్చుతో పాటు ఆ ఖర్చూ లెక్కలో వేసుకో.

ఇంకొక్క మాట, సెలవులకు ఊరికి వచ్చేవాళ్ళందరికీ. రేంజికి తీసుకువెళ్ళిన సంచిని ప్రయాణానికి వాడవద్దు. విశాఖపట్నంలోనో, ఢిల్లీలోనో తనిఖీలో ఒక్క తూటా బయటపడినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక వచ్చిందని కోర్టులో తేలేసరికి సెలవులు, ఉద్యోగం, అమ్మానాన్నల మనశ్శాంతి అన్నీ పోతాయి. కాల్చిన ఖాళీ గుల్లను కూడా గుర్తుగా తెచ్చుకోవద్దు. బయలుదేరే ముందు ప్రతి సంచినీ తలకిందులు చేసి దులిపి, పక్క జేబుల్లోనూ అడుగున ఉన్న గుడ్డ పొర కిందా వేలు పెట్టి చూడండి.