55 ఏళ్ల ‘ముసలావిడ’

ప్రొద్దుటూరు

నాయనా,

నీ స్క్రిప్టు అందింది. మొదటి పేజీలోనే ‘ముసలావిడ, వయసు 55, మూలన నులక మంచం మీద దగ్గుతూ ఉంటుంది’ అని రాశావు. అక్కడే ఆపి కాగితాలు పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక మనసు కుదుటపడి మళ్లీ తీశాను. నాకిప్పుడు 71. ఆ 55 ఏళ్ల వయసులో నేను తెల్లవారక ముందే లేచి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, బడికి పోయి పాఠాలు చెప్పి, రాత్రి దీపం పెట్టుకుని కథలు రాసేదాన్ని. మూలన కూర్చునే తీరిక నాకు ఎక్కడిది?

కథంతా చదివాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లోడు, అవ్వకు బాగాలేదని అనంతపురం పక్క పల్లెకు వస్తాడు. పొలం అమ్మాలా వద్దా అని వాడికి టెన్షన్. 14 సీన్లలో అవ్వ మాట్లాడేది నాలుగు ముక్కలు: ‘వచ్చినావా నాయనా’, ‘తిన్నావా’, ‘ఎండన పడి వచ్చినావు’, ‘నా ఊపిరి ఉన్నంతవరకూ’. ఆ తర్వాత ఊపిరి పోతుంది, వాడికి బుద్ధి వస్తుంది. చచ్చిపోవడం తప్ప కథలో ఆమె చేసిన పని ఒక్కటీ లేదు.

ఒక్కచోట మాత్రం నా కళ్లు చెమర్చాయి. చదువురాని అవ్వ బటన్ ఫోన్‌లో ఒకటి నొక్కితే కొడుకు, రెండు నొక్కితే కూతురు అని గుర్తు పెట్టుకుని, మూడో అంకె మనవడికని ఖాళీగా ఉంచుకుంటుంది. అది ఎక్కడో చూసి రాసిన సీను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నేను 40 ఏళ్లుగా ఒకటే మాట చెబుతున్నాను, నీకూ చెబుతా. పెద్దావిడ గురించి రాసేముందు ఆమె కొంగు ముడిలో ఎంత డబ్బుందో తెలుసుకో. ఆమె ఎవరికి బాకీ, ఎవరు ఆమెకు బాకీ, ఆ డబ్బుతో తనకోసం ఏం చేసుకోవాలనుకుంటోంది? ఇవి తెలియకపోతే ఆమెను సీన్లోకి తేవద్దు.

మా వీధిలో ఒక అవ్వ ఉంది, 80కి దగ్గర. ఒకటో తారీకు పింఛను 4,000 ఇంటికే వస్తుంది. ఆమె ఆ నోట్లు లెక్కపెట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశాను. బొటనవేలు నాలుకకు అద్దుకుని, ఒక్కొక్క నోటూ వెలుతురుకు ఎత్తి చూస్తుంది. ఐదు వందల నోట్లు ఎనిమిది. రెండు మందులకు, ఒకటి కరెంటు బిల్లుకని కొడుకు చేతికి. మిగతా ఐదూ రాగుల డబ్బాలోకి పోతాయి. పోయిన సంక్రాంతికి ఆ డబ్బాలోంచే కోడలికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చింది. కోడలు నెల తప్పకుండా వడ్డీ కడుతుంది. ఇద్దరూ సాయంత్రం అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటూ ఊరి సంగతులన్నీ చెప్పుకుంటారు. ‘ఎందుకవ్వా ఇంత డబ్బు?’ అని అడిగాను. ‘కాశీకి పోవల్ల. రైల్లో కిటికీ పక్కన కూచోని పోవల్ల’ అంది. కొడుకును వెంట రానివ్వదట. తన ఈడు ఆడోళ్లు ఇద్దరు తోడున్నారు.

ఈ అత్తాకోడళ్లు ఏ సీరియల్‌లో ఉన్నారు? అక్కడ అత్త పొద్దున్నే పట్టుచీర, ఒంటినిండా నగలతో మెట్ల మీద నిలబడి ఎవరి పాలల్లో విషం కలపాలా అని చూస్తుంది. లేకుంటే పూజగదిలో ఏడుస్తుంది. ఆ ఇంటి ఖర్చు ఎంతో, ఎవరు పెడుతున్నారో వేయి ఎపిసోడ్లు చూసినా తెలియదు.

1962 నాటి ‘గుండమ్మ కథ’ చూడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు సూర్యకాంతం గారి పాత్ర పేరు పెట్టారు. అప్పటికి ఆమెకు 40 కూడా నిండలేదు. గయ్యాళి అని జనం తిట్టుకున్నారు గానీ, గుండమ్మ భర్త లేని మనిషి, ఆస్తి ఆమె చేతిలో ఉంది, అది చేజారుతుందన్న భయమూ ఉంది. తర్వాత రాసినవాళ్లు ఆమె గయ్యాళి నోరు మాత్రం తీసుకున్నారు, ఆ భయాన్ని వదిలేశారు.

మా ప్రొద్దుటూరు ఆడబిడ్డ శాంతకుమారి గారి సంగతి విను. 1920లో పుట్టారు. భర్త పి.పుల్లయ్య గారు 1939లో వేంకటేశ్వరస్వామి కథ తీస్తే ఆమె పద్మావతి. 1960లో అదే కథను ఆయనే ఎన్టీఆర్‌తో మళ్లీ తీస్తే ఆమె వకుళాదేవి, స్వామికి తల్లి. ఎన్టీఆర్ పుట్టింది 1923లో. తనకన్నా మూడేళ్లు చిన్నవాడికి తల్లి అయ్యారు. మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకోవడం నాకింకా గుర్తుంది. నటన అంత గొప్పది. ‘సీతారామయ్యగారి మనవరాలు’ 1991లో వచ్చినప్పుడు తాతగా చేసిన ఏఎన్నార్‌కు 66, ఆయన భార్యగా చేసిన రోహిణీ హట్టంగడి గారికి 39. ‘బాహుబలి’లో ప్రభాస్‌కు తల్లిగా చేసిన అనుష్క వయసులో అతనికన్నా రెండేళ్లు చిన్న. తెర మీద ఆడమనిషి వయసు ఎంతో పక్కన నిలబడ్డ మగవాడి అవసరం తేలుస్తోంది. నువ్వు రాసిన 55 కూడా అలా వచ్చిందే. మనవడికి 26 అని రాశావు కదా, ఒకసారి లెక్క వేసి చూడు.

నాకు ఈ కోపం ఊరికే రాలేదు. మొగుడు పోయిన ఏడాదికి 65 ఏళ్ల ఆవిడ మైదుకూరు రోడ్డు మీద సైకిల్ నేర్చుకోవడం గురించి ఒక కథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు ‘కథ బాగుంది, ఆమె వయసు 30 చేస్తే మంచి బొమ్మ వేయించుకోవచ్చు’ అని రాసి తిప్పి పంపాడు. మార్చనన్నాను. ఇంకో పత్రిక వేసింది. బొమ్మలో మాత్రం పైట ఎగురుతూ పాతికేళ్ల పిల్ల. ఆ సంచిక దాచుకున్నాను, ఎప్పుడు తీసినా కడుపు మండుతుంది. తర్వాత ఒక చానల్ వాళ్లు సీరియల్ అడిగారు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ చేసి అమ్మే 60 ఏళ్ల ఆవిడ మీద 11 ఎపిసోడ్లు రాశాను. హైదరాబాదులో కూర్చోబెట్టి, ‘మేడమ్, బజ్జీలకు టీఆర్‌పీ రాదు, కోడలి మీద పగ పెట్టండి’ అన్నారు. రాత్రి బస్సుకే వచ్చేశాను. రాసినదానికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

మన సీమ ఆడవాళ్లకు ఇంకా అన్యాయం జరిగింది. 1999లో ఫ్యాక్షన్ సినిమా ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచీ మన పెద్దావిడలకు తెరమీద రెండే పనులు: గడపలో నిలబడి శవం కోసం ఎదురుచూడటం, మనవడి చేతికి కొడవలి అందించడం. నా బతుకంతా ఈ జిల్లాలోనే గడిచింది, వడ్డీ లెక్కలు, విత్తనాల బేరాలు, పెళ్లి సంబంధాలు తేల్చిన అవ్వలను వందలమందిని చూశాను.

నిర్మాతల ఫోన్ నంబర్లు అడిగావు, షార్ట్ ఫిల్మ్ తీయాలా వెబ్ సిరీస్ చేయాలా అనీ అడిగావు. ఆ సంగతులు ఇప్పుడు మాట్లాడబుద్ధి కావడం లేదు. ముందు మొదటి సీను మార్చు. ఆ మంచం, ఆ దగ్గు తీసెయ్. అవ్వ గడప దగ్గర కూర్చుని నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉండనీ. బెంగళూరు నుంచి వచ్చిన మనవడు బ్యాగుతో ఎదురుగా నిలబడితే, ఆమె తల ఎత్తకుండా, ‘ఉండు నాయనా, లెక్క తప్పుతాది’ అననీ.

రాసి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో.