ఆట మానిన మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మోకాలికి రెండోసారి శస్త్రచికిత్స జరిగాక ఇక జిమ్నాస్టిక్స్ పోటీలకు దిగకూడదని నిర్ణయించుకున్నావనీ, వచ్చే నెలలోనే సొంత అకాడమీ తెరవడానికి మీ అమ్మ పేరున ఉన్న పొలాన్ని తాకట్టు పెట్టబోతున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. మొదటి నిర్ణయం సరైనదే. రెండోదాని విషయంలో తొందరపడవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన పి.వి. సింధు 2019లో ఒప్పందం కుదుర్చుకున్న లీ నింగ్ అనే క్రీడాదుస్తుల కంపెనీ నీకు తెలిసినదే. ఆ పేరు ఒక మనిషిదనీ, ఆ మనిషి మనలాగే జిమ్నాస్టిక్స్ ఆడినవాడేననీ చాలామందికి తెలియదు. చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో 1963లో పుట్టిన లీ నింగ్, 1982 ప్రపంచ కప్‌లో ఏడు స్వర్ణాలకు ఆరింటిని ఒక్కడే గెలిచాడు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లోర్ (నేల మీది విన్యాసాలు), పామెల్ హార్స్ (పిడులున్న దిమ్మె), రింగ్స్ (వేలాడే కడియాలు) అంశాల్లో స్వర్ణాలతో సహా ఆరు పతకాలు తెచ్చాడు. నాలుగేళ్ల తర్వాత సియోల్‌లో రింగ్స్ మీద తడబడ్డాడు, పరుగెత్తి బల్ల మీదుగా దూకే వాల్ట్‌లో నిలదొక్కుకోలేక కూలబడ్డాడు. లేచి చిరునవ్వు నవ్వినందుకు స్వదేశంలో నిందలు పడ్డాడు. పడినా ముఖం చెదరనివ్వకూడదని మనకు చిన్ననాడే నేర్పుతారు కదా, ఆ నవ్వు సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడాదే ఆట మానిన అతనికి కూడా ముందుగా తోచింది జిమ్నాస్టిక్స్ పాఠశాల పెట్టాలనే. అయితే జియాన్‌లిబావో అనే పానీయాల కంపెనీని నడిపే లీ జింగ్‌వే, పాఠశాల నడవాలంటే ముందు దానికి డబ్బు పుట్టే దారి ఉండాలని నచ్చజెప్పి, తన దగ్గరికే పిలిచాడు. అంతటి విజేత 1989లో ఆ కంపెనీ జనరల్ మేనేజరుకు సహాయకుడిగా చేరాడు. నాకు అతని పతకాలకన్నా ఈ చేరికే పెద్దదిగా కనిపిస్తుంది. సరుకు ఎలా తయారవుతుందో, ఎవరు కొంటారో, ప్రకటనకు ఎంత ఖర్చవుతుందో ఒకరి కింద పనిచేస్తూ చూసిన తర్వాతే, ఆ కంపెనీ అండతో 1990లో తన పేరున క్రీడాదుస్తుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ఏడాది బీజింగ్ ఆసియా క్రీడల జ్యోతి పరుగులో ఆ దుస్తులే కనిపించాయి.

నేను చేసిన పని ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆట మానిన మూడు నెలలకే అప్పు చేసి షెడ్డు అద్దెకు తీసుకుని, మ్యాట్లు కొని, పిల్లలను చేర్చుకున్నాను. హ్యాండ్‌స్టాండ్ నేర్పడం వచ్చింది గానీ ఫీజు అడగడం రాలేదు. రెండేళ్లకు తాళం వేశాను. మీ అమ్మమ్మ గాజులు ఆ అప్పుకిందే పోయాయి. ఈ మాట నీకు ఎవరూ చెప్పి ఉండరు.

లీ నింగ్‌కు పేరూ, పిలిచి పని ఇచ్చిన పెద్దమనిషీ ఉన్నారని నీవు అనవచ్చు. నిజమే. అదే చైనాలో, 2001 ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచిన జాంగ్ షాంగ్‌వూ గాయంతో ఆటకు దూరమై, పతకాలు అమ్ముకుని, 2011 నాటికి బీజింగ్ మెట్రోలో విన్యాసాలు చేసి చిల్లర అడుక్కునే స్థితికి వచ్చాడు. చిన్నతనం నుంచీ ఆట తప్ప మరో పని చేతికి రాకపోవడం ఎంత ప్రమాదమో అతణ్ణి చూస్తే తెలుస్తుంది. నీ డిగ్రీలో మిగిలిన రెండు పేపర్లు ఈ ఏడాదే రాసెయ్యి. లీ నింగ్ వ్యాపారం నిలబడ్డాక కూడా పెకింగ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాడు.

పని నేర్చుకున్నవాడికి దెబ్బ తగలదని కాదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ జ్యోతిని తీగలకు వేలాడుతూ వెలిగించింది అతనే. ఆ తర్వాత 2012 నుంచి మూడేళ్లు అతని కంపెనీ నష్టాల్లో నడిచింది. అతనే మళ్లీ పగ్గాలు పట్టుకుని 2015లో లాభాల్లోకి తెచ్చాడు.

కాబట్టి ఒక ఏడాది పాటు బాగా నడుస్తున్న శిక్షణ కేంద్రంలో జీతానికి చేరు. అద్దె, కరెంటు బిల్లు, దెబ్బ తగిలిన పిల్లవాడి తల్లిదండ్రులతో మాట్లాడే తీరు, ఎండాకాలం సెలవుల తర్వాత ఎంతమంది మానేస్తారన్నది ఒక పుస్తకంలో రాసుకో. సంక్రాంతికి ఆ పుస్తకం పట్టుకుని రా, ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. పొలం కాగితాలు మాత్రం రేపే మీ అమ్మకు తిరిగి ఇచ్చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య